టోఫు ఏ డబ్బాలోకి?

చెత్త విషయంలో మా ఊరివాళ్లు అబద్ధమాడరు. వయసు గురించి ఆడతారు, జీతం గురించి ఆడతారు, పక్కింటావిడ పెట్టిన ముల్లంగి ఊరగాయ రుచి గురించి ఆవిడ మొహం మీదే ఆడతారు. చెత్త దగ్గరికొచ్చేసరికి మాత్రం సత్యహరిశ్చంద్రుడి తోబుట్టువులైపోతారు. పాల అట్టపెట్టెను కడిగి, కత్తిరించి, ఆరబెట్టి, దారంతో కట్టి పెడతారు. సీసాకో రోజు, సీసా మూతకో రోజు. ఎవరైనా తప్పు రోజున సంచి పెడితే "మరిచిపోయినట్టున్నారు, క్షమించాలి" అని చీటీ అంటించి, ఆ సంచిని మళ్లీ వాళ్ల గుమ్మంలోనే పెట్టిపోతారు. ఆ చీటీ వచ్చిన ఇల్లు కొన్నాళ్ల పాటు తలెత్తుకోలేదు. మా పిన్ని ఒకావిడ ఆ చీటీ దెబ్బకి ఇల్లే మారిపోయింది.

అలాంటి ఊళ్లో ఆస్పత్రి చెత్తకి కాపలా కాసే ఉద్యోగం నాది. నా పేరు నిరసావా. చదివింది నర్సు చదువే కానీ, రోగుల జబ్బులు సిబ్బందికి అంటకుండా చూడడం నా పని కాబట్టి రోజంతా డబ్బాల చుట్టూ తిరుగుతాను. మా డబ్బాలు మూడు రకాలు. కారేది ఎర్ర గుర్తు డబ్బాలోకి, కారనిది నారింజ గుర్తు డబ్బాలోకి, గుచ్చుకునేది పసుపు గుర్తు డబ్బాలోకి. లోపల పడ్డది మళ్లీ బయటికి తీయకూడదు. మూత పడ్డ డబ్బా మళ్లీ తెరవకూడదు. ఇంతే శాస్త్రం. చిన్నపిల్లలకి ఒక పూటలో వస్తుంది, సర్జన్లకి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది.

మా హెడ్ నర్సు తొకొనామి గారు. ఆ మార్చి నెలాఖరుకి రిటైర్ కావాలి. పొట్టి మనిషి, గొంతు మాత్రం మూడో అంతస్తు దాకా వినబడుతుంది. ఆవిడకి లోకంలో ఒకే ఒక్క కోరిక ఉండేది. రెండో అంతస్తు వరండాలో, చేతులు కడుక్కునే కుళాయి పైన, ఒక బోర్డు ఉంది. "ఈ ఏడాది సూది గుచ్చుకున్నవాళ్లు" అని రాసి, పక్కన కొక్కేనికి ఒక ఇత్తడి అంకె తగిలించి ఉంటుంది. ఆ అంకె సున్నా. ఏప్రిల్లో తగిలించిన ఆ సున్నా మార్చి దాకా నిలిస్తే చాలు, హాయిగా ఇంటికి పోతాననేవారు. రోజూ పొద్దున రాగానే జేబులోంచి రుమాలు తీసి ఆ సున్నాని తుడిచి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, అప్పుడు డ్యూటీ మొదలుపెట్టేవారు.

ఇది పేరు కోసం పడే ఆరాటం కాదు. ఆవిడతో పాటు ఉద్యోగంలో చేరిన స్నేహితురాలికి ఒకసారి సూది గుచ్చుకుంది. ఆ రోజుల్లో సూది గుచ్చుకోవడమంటే చేతకానితనం కింద లెక్క. ఆ అమ్మాయి "ఏం కాలేదు" అని చెయ్యి జేబులో పెట్టేసుకుంది. చాలా ఏళ్ల తర్వాత కాలేయం పాడై చనిపోయింది. కొత్తగా చేరిన ప్రతి నర్సుకీ తొకొనామి గారు ఈ సంగతి చెప్పేవారు, చెప్పిన ప్రతిసారీ మూడో అంతస్తు దాకా వినబడే ఆ గొంతు ఎదురుగా ఉన్నవాళ్లకే వినబడనంత తగ్గిపోయేది. అందుకే ఆ బోర్డు ముందు మేమెవరం హాస్యాలాడేవాళ్లం కాదు.

ఇక టోఫు సంగతి. ఫిబ్రవరి ఎనిమిదిన మా వైపు సూదులకి పూజ చేస్తారు. కుట్టుపని చేసేవాళ్లు ఏడాదిలో విరిగిన సూదుల్ని, అరిగిన సూదుల్ని గుడికి తెచ్చి మెత్తటి టోఫులో, అంటే సోయా పాల జున్నులో, గుచ్చి, గట్టి బట్టలో దూరి దూరి అలసిపోయారు, ఇక మెత్తగా పడుకోండి అని దణ్ణం పెడతారు. చిన్నప్పుడు మా అమ్మ చెయ్యి పట్టుకుని నేనూ వెళ్లాను. మంచి ఆచారమే. కానీ దాన్ని ఆస్పత్రిలోకి తెచ్చేముందు ఎవరైనా నన్నొక మాట అడగాలి. మా డైరెక్టరు ఉగాజిన్ గారు అడగలేదు, మీటింగులో నేరుగా ప్రకటించేశారు.

"ఏడాదికి ఎన్ని సూదులు వాడతాం మనం! ఒక్కదానికైనా థాంక్స్ చెప్పామా? పైగా ఈ ఏడాది ఒక్క సూది కూడా మనల్ని కుట్టలేదు. పాపం, ఎంత మర్యాదగా ఉన్నాయి!"

"అయితే కొత్త సూదులు పెడదాం సెన్సే," అన్నాను వెంటనే. డాక్టర్లని సెన్సే అనడం మా అలవాటు. "ప్యాకెట్టు విప్పడం, గుచ్చడం, దణ్ణం పెట్టడం. ఎవరికీ ఇబ్బంది లేదు."

"పని చెయ్యని సూదికి దణ్ణమేంటమ్మా?" తొకొనామి గారు బల్ల మీద అరచేత్తో కొట్టారు. "మార్చిలో నా వీడ్కోలు సభకి కూడా, నిన్నగాక మొన్న చేరిన పిల్లని నిలబెట్టి పూలగుత్తి ఇస్తారా?"

"వాడిన సూదుల్ని డబ్బాలోంచి తియ్యకూడదండీ. లోపల పడ్డది..."

"బయటికి రాకూడదు. తెలుసు. నీకు నేర్పిందే నేను."

అప్పుడు ఆఫీసు మేనేజరు హన్యూ గారు గొంతు సవరించుకున్నారు. మధ్యేమార్గం వెతకడం ఆయనకున్న జబ్బు. ఇద్దరు పోట్లాడుకోకపోయినా సరే, వాళ్లిద్దరి మధ్యకి వెళ్లి ఒక మార్గం కనిపెట్టి వస్తారు.

"ఆ రోజే మన సిబ్బందికి ఆరోగ్య పరీక్షలు కదండీ. ఎవరి రక్తం తీసిన సూదిని వాళ్లు టోఫులో గుచ్చితే? సూది పని చేసినట్టూ ఉంటుంది, రోగుల రక్తమూ కాదు, డబ్బాలోంచి తీసిందీ కాదు."

గదంతా "ఓహో" అంది. వాడిన సూది వాడిన సూదే, మన రక్తమైనా రక్తమే అన్నాను. ఎవరూ కాదనలేదు, ఔననలేదు, అందరూ బల్ల వైపు చూస్తూ ఊరుకున్నారు. మా మీటింగుల్లో అందరూ బల్ల వైపు చూశారంటే తీర్మానం అయిపోయిందని అర్థం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నేను గొణిగింది నాకే వినబడింది.

ఆ రోజు హాల్లో బల్ల మీద తెల్లగుడ్డ పరిచారు. దాని మీద డైరెక్టరు గారి ఇంటి నుంచి వచ్చిన నల్లటి లక్క పళ్లెం, అంచు చుట్టూ బంగారు కొంగలు. పళ్లెంలో టోఫు. మా ఆస్పత్రి వంటింటికి రోజూ టోఫు ఇచ్చే ఇనొకుచి గారు మంచి కోటు వేసుకుని మరీ తెచ్చాడు. గట్టి టోఫు తెమ్మని నేను ఫోన్ చేసి చెప్పాను. ఆయన తెచ్చింది పట్టు టోఫు, చెంచా చూపిస్తే విరిగిపోయే రకం.

"గట్టిది అన్నాను కదండీ?"

"పడుకునే పరుపండీ అది. ఏడాదంతా చాకిరీ చేసిన సూదుల్ని చెక్క మీద పడుకోబెడతామా? మీరేదో మర్యాదకి గట్టిది అన్నారనుకున్నాను."

గుడి పూజారి మంత్రం చదివారు. రక్తం తీసిన చోట దూది నొక్కుకుంటూ ఒక్కొక్కరే వచ్చి సూది గుచ్చారు. డైరెక్టరు గారు నడుము దాకా వంగి, "ఏడాదంతా శ్రమపడ్డారు. మా వైపు నుంచి ఏదైనా అమర్యాద జరిగి ఉంటే మన్నించండి," అని సూదులకి విన్నవించుకున్నారు. కొత్త సర్జను సవతారి తన సూది గుచ్చి, కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఈ కాలం కుర్రాడిలో ఇంత భక్తా అని ముచ్చటపడ్డాను. గ్లవ్స్ వేసుకుని దణ్ణం పెడితే అపచారమని అందరూ తీసేశారు. పూజ అయ్యేసరికి టోఫు ముళ్లపందిలా తయారైంది.

ఆచారం ప్రకారం ఆ టోఫుని సూదులతో సహా పూజారి గుడికి పట్టుకెళ్లాలి. నేను ఒప్పుకోలేదు. రక్తం అంటిన సూది ఈ గేటు దాటాలంటే లైసెన్సున్న చెత్త బండి ఎక్కాల్సిందే, సాక్షాత్తూ బుద్ధుడొచ్చి అడిగినా ఇవ్వనన్నాను. పూజారి మొహంలో "అమ్మయ్య" అన్న మాట స్పష్టంగా కనబడింది. అందరికంటే ముందు ఆయనే వెళ్లిపోయారు.

"అయితే దీన్ని ఏ డబ్బాలో వేద్దాం?" అన్నారు హన్యూ గారు.

"పసుపు," అన్నాను. "సూది ఉంది, గుచ్చుకుంటుంది, పసుపు. ఇంకో మాట లేదు."

ఇంకో మాట ఉంది.

"టోఫు అంటే నీళ్లే కదండీ. కారేది ఎర్ర గుర్తు అని మీరే అంటారు," అన్నారు హన్యూ గారు.

"కారుతుందా?" డైరెక్టరు గారు వంగి చూశారు. "నిలబడే ఉందే. కారనిదానికి నారింజ కదా?"

అందరూ ఇనొకుచి గారి వైపు తిరిగారు. డాక్టర్లు తన అభిప్రాయం అడగడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి కాబోలు, ఆయన టోపీ తీసి గుండెకి హత్తుకున్నాడు.

"కారుతుందండీ సెన్సే. కారకపోతే అది టోఫు కాదు, ఇటుక. కాకపోతే కారేది టోఫు కాదు, టోఫులో నీళ్లు. టోఫు మటుకు అక్కడే ఉంటుంది."

హన్యూ గారి మొహం వెలిగిపోయింది. "అంటే నీళ్లు ఎర్ర డబ్బాకి, టోఫు నారింజ డబ్బాకి, సూదులు పసుపు డబ్బాకి! వేరు చేస్తే సరిపోయె!"

"ఎలా వేరు చేస్తారండీ?"

"గుడ్డలో వేసి పిండి."

వాడిన సూదులున్న టోఫుని గుడ్డలో వేసి పిండుదామని డిగ్రీ చదివిన మనిషి నిండు సభలో అన్నాడు. ఇద్దరు ముగ్గురు తల కూడా ఊపారు. ఏం చెప్పను! పుట్టినప్పట్నించీ సీసాని మూతనించీ, మూతని కాగితంనించీ విడదీసి విడదీసి మావాళ్లకి ఏ రెండు వస్తువులు కలిసి కనిపించినా చేతులు దురద పెడతాయి.

"పళ్లెంతో సహా ఎత్తి పసుపు డబ్బాలో పెట్టి మూత వేద్దాం," అన్నాను.

డైరెక్టరు గారి మొహం పాలిపోయింది. "మా నాయనమ్మ పెళ్లి పళ్లెం అది," అన్నారు మెల్లగా. చర్చ ఇంతసేపు ఎందుకు నడుస్తోందో అప్పుడర్థమైంది నాకు.

సరే, పళ్లెం బతకాలంటే టోఫుని దానిమీంచి తియ్యాలి. సవతారి పెద్ద పటకారు తెచ్చి పట్టుకున్నాడు. టోఫు మూల విరిగి పడింది, దాంతో పాటు ఒక సూది పళ్లెంలో టింగుమని మోగింది. అందరూ ఒకడుగు వెనక్కి వేశారు.

"అలా కాదు బాబూ, ఇనప ముక్కతో టోఫుని పడతారా ఎక్కడైనా?" ఇనొకుచి గారు కోటు చేతులు పైకి మడిచాడు. "అరచేతిలోకి తీసుకోవాలి. ఇలా, కిందినుంచి."

"ముట్టుకోకండి!" నేను ఎగిరి ఆయన ముందుకి దూకాను.

సరిగ్గా అప్పుడే తొకొనామి గారి ఓపిక అయిపోయింది.

"ఇంతమంది డాక్టర్లు, ఇంతమంది నర్సులు, ఒక్క టోఫు! తప్పుకోండి, రోగులు ఎదురుచూస్తున్నారు."

నేను ఇనొకుచి గారికి అడ్డంగా నిలబడ్డాను కాబట్టి ఆవిడకి అడ్డం పడలేకపోయాను. రోజూ పొద్దున మీసో చారులోకి టోఫు కోసేటప్పుడు మా ఇళ్లలో ప్రతివాళ్లూ చేసే పనే ఆవిడా చేశారు. అరచేతిని టోఫు కిందికి జార్చి పైకి లేపారు. ఆ అరచేతిలో టోఫు ఉండగానే కత్తితో ముక్కలు కోస్తాం మేము, ఏనాడూ చెయ్యి తెగదు. సూదుల గురించి జీవితమంతా పాఠాలు చెప్పిన బుర్ర ఒక పక్క, జీవితమంతా టోఫు ఎత్తిన చెయ్యి ఒక పక్క. చెయ్యే గెలిచింది.

ఆవిడ కనురెప్ప ఒకసారి టపటపలాడింది. టోఫుని మళ్లీ పళ్లెంలోనే దింపి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తీసుకునేటప్పుడు టోఫు పక్కకి చిన్న ఎర్రటి చుక్క అంటింది. నీళ్లున్న టోఫు కదా, చుక్క మెల్లగా గుండ్రంగా విచ్చుకుంది. తెలుపు మధ్యలో ఎరుపు, అచ్చం మా జెండా.

అందరూ చూశారు. చూసి, అందరూ చూపు తిప్పేసుకున్నారు. పెద్దావిడకి నలుగురిలో ఇబ్బంది కలగకూడదు కదా. "ఇవాళ గాలి ఎక్కువగా ఉంది," అన్నారెవరో. "చేపల పడవలు వేటకి పోయినట్టు లేవు," అన్నారింకెవరో. డైరెక్టరు గారు కొంగల్ని పరీక్షగా చూడసాగారు. హన్యూ గారొక్కరే ఆగలేకపోయారు.

"ఇప్పుడు మరి... ఎర్ర గుర్తే కదా?"

తొకొనామి గారి ఎడమ చెయ్యి పిడికిలి బిగించి జేబులోకి వెళ్లిపోయింది.

"ఏం కాలేదు," అన్నారావిడ. ఏమైందని ఎవరూ అడగనే లేదు.

నాకు ఒళ్లు మండింది. అంతకు రెట్టింపు భయం వేసింది. నాకు పని నేర్పిన మనిషి, నా చేతులు పట్టుకుని సిరంజి పట్టడం చూపించిన మనిషి, కళ్లముందే చెయ్యి జేబులో పెట్టుకుని నిలబడ్డారు.

"చెయ్యి చూపించండి తొకొనామి-సాన్."

"ఏం కాలేదన్నానా?"

"మీ స్నేహితురాలూ ఇదే మాటంది."

పైవాళ్ల మీద నలుగురిలో గొంతెత్తడం మా దగ్గర లేని పని. ఆవిడ నన్ను కొడతారేమో అనుకున్నాను. కొట్టలేదు. జేబులోంచి చెయ్యి తీసి విప్పారు. బొటనవేలి మొదట్లో చిన్న రంధ్రం, చుట్టూ టోఫు తునకలు.

మణికట్టు పట్టుకుని వరండాలోకి లాక్కెళ్లి కుళాయి తిప్పాను. "సబ్బు," అన్నారావిడ, ఇంకా నన్ను పరీక్షిస్తున్నట్టు. సబ్బు రాశాను. వెనకాలే హాల్లోని జనమంతా వచ్చి మా చుట్టూ నిలబడ్డారు, టోపీ పట్టుకుని ఇనొకుచి గారితో సహా. నీళ్లు పడుతున్నాయి. తల పైన బోర్డు, బోర్డు మీద సున్నా.

"అందరూ వినండి," అన్నాను. "టోఫులో ఉన్న సూదులన్నీ మనవే. ఏది గుచ్చుకుందో తెలీదు. పొద్దున తీసిన మీ రక్తం ల్యాబులోనే ఉంది, మీరు ఒప్పుకుంటే కాలేయం జబ్బులకి ఇప్పుడే పరీక్ష చేయిస్తాను. కానీ కొత్తగా సోకింది పరీక్షలో కొన్నాళ్ల దాకా కనబడదు, అది మీకూ తెలుసు. అందుకే నోటితో అడుగుతున్నాను. ఈ ఏడాదిలో ఎవరికైనా సూది గుచ్చుకుందా?"

"అదేం ప్రశ్న?" అన్నారు తొకొనామి గారు. కుళాయి కింద చెయ్యి పెట్టుకునే తలెత్తి బోర్డు చూశారు. అప్పటిదాకా బిగుసుకున్న ఆవిడ మొహం ఒక్కసారిగా విప్పారింది. "సున్నా కదా! ఎవరికీ గుచ్చుకోలేదు. ఎవరికీ గుచ్చుకోలేదంటే, నాకూ ఏ భయం లేదు. చూశావా నిరసావా? ఏడాదంతా ఊరికే తుడిచానా దాన్ని?"

ఆవిడ నవ్వారు. నిజంగా నవ్వారు. ఆ నవ్వు చూసిన జనం మొహాలు చూడాల్సింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, వరండా పొడవునా అందరూ తమ తమ వేళ్లు తడుముకుంటున్నారు.

మొదట చెయ్యెత్తింది సవతారి. "నాకు... జనవరిలో," అన్నాడు. "కుట్లు వేస్తుంటే. ఆ రోగికి కాలేయం జబ్బుంది."

తొకొనామి గారి నవ్వు అలాగే ఆగిపోయింది. సవతారి చెయ్యి అలా గాల్లో ఉండగానే పిల్లల వార్డు నర్సు తన చెయ్యి ఎత్తింది. ల్యాబు అమ్మాయి ఎత్తింది. దంతాల డాక్టరు గారు రెండు చేతులూ ఎత్తారు, ఆయనకి రెండుసార్లట. డైరెక్టరు ఉగాజిన్ గారు నీళ్లు నమిలి, "మే నెలలో... ఆపరేషన్ గదిలో... మరీ లోతుగా కాదనుకోండి," అంటూ ఎత్తారు. హన్యూ గారు కూడా ఎత్తేసరికి నాకు మతిపోయింది. ఆయన జన్మలో సూది పట్టుకోరు.

"మీకెలాగండీ?"

"పసుపు డబ్బా ముప్పావు నిండగానే మూత వెయ్యాలంటారు కదా. సరిగ్గా ముప్పావు అయిందో లేదోనని లోపలికి స్కేలు పెట్టి కొలిచాను."

ఇనొకుచి గారి చెయ్యి కూడా పైన ఉంది.

"మీరెందుకండీ ఎత్తారు?"

"మా ఇంట్లో బొత్తాం కుట్టుకుంటుంటే ఒకసారి... అందరూ ఎత్తినప్పుడు నేనొక్కణ్ణీ దించుకుని నిలబడితే బాగుండదని."

వరండా నిండా గాల్లో చేతులు. దూరం నుంచి చూసిన రోగులు మేమేదో వ్యాయామం చేస్తున్నామనుకుని, ఒకరిద్దరు తాము కూడా ఎత్తారు. తొకొనామి గారు కుళాయి కట్టడం మరిచిపోయి ఒక్కొక్క చేతినీ చూస్తూ పోయారు.

"ఎందుకు చెప్పలేదు?" అన్నారు చివరికి. మూడో అంతస్తు గొంతు కాదు, స్నేహితురాలి సంగతి చెప్పేటప్పటి ఆ తగ్గు గొంతు.

పిల్లల వార్డు నర్సు ఏడుస్తూ చెప్పింది. "మీరు రోజూ దాన్ని తుడుస్తారు కదండీ. మార్చి దాకానే కదా, మీరు వెళ్లేదాకానే కదా అని... నా వల్ల పోకూడదని..."

"నా వల్ల కూడా," అన్నాడు సవతారి. అందరి తలలూ ఊగాయి. సీసా మూత విషయంలో అబద్ధమాడని మనుషులు, ఒకరికొకరు తెలియకుండా, ఒక్కావిడ సంతోషం కోసం ఏడాదంతా అబద్ధాన్ని కాపాడారు.

"అంటే, నన్ను సంతోషపెట్టడానికి మీరంతా చచ్చిపోదామనుకున్నారా?" అన్నారు తొకొనామి గారు.

నాకు దుఃఖం ఆగలేదు. ఆవిడ మాత్రం ఏడవలేదు. తడి చేత్తోనే కొక్కెం మీంచి సున్నాని తీశారు. దాని స్థానంలో తగిలించడానికి ఇంకో అంకె కావాలి. హన్యూ గారు బిక్కచచ్చిపోయారు. మిగతా అంకెలు లేనే లేవట, సున్నా ఒక్కటే చేయించారట.

"పెన్ను," అన్నారావిడ. సున్నాని వెనక్కి తిప్పి, "నాతో కలిపి," అంటూ చేతులు లెక్కపెట్టి, వెనకవైపున అంకె రాసి తగిలించారు. ఇనొకుచి గారిని లెక్కలో కలపలేదు. కుట్టుసూదికి వేరే బోర్డు ఉంటుందన్నారు. ఆయన కొంచెం నొచ్చుకున్నట్టే కనబడ్డాడు.

"ఇప్పుడు అందరూ లైన్లో నిలబడండి. ఎవరికి, ఎప్పుడు, ఏ రోగి సూది, ఒక్కటి వదలకుండా చెప్పాలి." తర్వాత నా వైపు తిరిగారు. "నీకెప్పుడు గుచ్చుకుంది?"

"నాకు గుచ్చుకోలేదండీ."

"ఇంకా అబద్ధమేనా?"

"నిజంగా లేదండీ!"

ఎవరూ నమ్మలేదు. వేళ్లు చాపించి, ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూశారు. ఒక్క సూదీ గుచ్చుకోనందుకు సిగ్గుతో చచ్చిపోయిన మనిషిని ఈ దేశంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

తిరిగి హాల్లోకి వెళ్లేసరికి టోఫులోంచి కారిన నీళ్లు కొంగల మెడల దాకా వచ్చాయి. నా వెనకే వచ్చిన డైరెక్టరు గారు ఒక్క మాట మాట్లాడకుండా దళసరి గ్లవ్స్ వేసుకుని, పళ్లెంతో సహా ఎత్తి అన్నిటికంటే పెద్ద పసుపు డబ్బాలో పెట్టారు.

"మూత పడ్డాక మళ్లీ తెరవకూడదు సెన్సే," అన్నాను.

"తెలుసు," అన్నారు. మూత ఆయనే నొక్కారు. అది క్లిక్కుమనగానే డబ్బాకి వంగి నమస్కారం చేశారు. సూదులకో, నాయనమ్మకో నేనడగలేదు.

ఆ సాయంత్రం అందరి పరీక్షలూ శుభ్రంగా వచ్చాయి. కానీ సవతారికి గుచ్చుకుని ఎన్నాళ్లో కాలేదు కాబట్టి, అతనిదీ, అతని సూదే గుచ్చుకుని ఉండొచ్చన్న అనుమానంతో తొకొనామి గారిదీ ఆగస్టు దాకా మళ్లీ మళ్లీ చూడాల్సి వచ్చింది. మార్చిలో ఆవిడ పూలగుత్తి తీసుకుని ఇంటికెళ్లారు. ఆ తర్వాత కూడా పిలిచిన రోజున టంచనుగా వచ్చి, సవతారి పక్కన చొక్కా చెయ్యి మడిచి కూచునేవారు. ఇంటినుంచి తన వంటా, అతనికి తిట్లూ తెచ్చేవారు. అతను రెండూ తినేవాడు.

ఆగస్టులో ఆఖరి పరీక్ష ఇద్దరికీ ఏమీ లేదని వచ్చింది. ఆ మాట విన్నాక సవతారి వరండాలో గోడకానుకుని కూలబడిపోయాడు. ఆవిడ అతని తల మీద ఒక్కటి మొట్టి, కుళాయి వైపు నడిచారు. బోర్డు దగ్గర కొత్త ఏడాది, కొత్త హెడ్ నర్సు, అన్ని అంకెలూ చేయించిన కొత్త ఇత్తడి సెట్టు. కొక్కేనికి ఆరు వేలాడుతోంది, గుచ్చుకున్నవాళ్లు దాచకుండా వచ్చి చెప్పిన లెక్క. కొత్త హెడ్ నర్సు దూరంగా నిలబడి, మాట పడతానేమోనని చూస్తోంది.

తొకొనామి గారు జేబులోంచి రుమాలు తీసి ఆ ఆరుని తుడిచారు. రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నారు.

"బాగుంది," అన్నారు. "ఈ ఏడాది అంకె ఆరోగ్యంగా ఉంది."